వాహన పరిమాణము



మన బళ్ళారి సీమలోని వర్తకుల ఇండ్లలో ఒక ప్రశ్న తరచు వినబడుచున్నది. క్రొత్త బండి కొన్నాము. పన్నెండు పదమూడేండ్లు ఇల్లంతటిని మోసిన పాత పెద్ద బండి, స్కార్పియోయో ఇన్నోవాయో, వాకిట నిలిచియున్నది. దానిని ఉంచుకొందుమా, తీసివేయుదుమా? తండ్రి ఒకటనును, కుమారుడు మరొకటనును. అమ్మిన వచ్చునది స్వల్పము, ఉంచిన ఎప్పుడైనా పనికివచ్చునని ఇంటివారందురు. ఇది లౌకిక విషయమే గదా, దీనికి ధర్మప్రసంగమెందుకని మీరడుగవచ్చును. శ్రావకుని వ్రతములు నిలుచుటగాని జారుటగాని ఇట్టి చిన్న విషయములందే జరుగును. మందిరములో కూర్చుండి పరిగ్రహము మంచిదని ఎవ్వరును అనరు. ఆ మాటకు పరీక్ష ఇంటి వాకిటనే.

ఉపాసకదశాంగ సూత్రములోని ఆనంద శ్రావకుని కథ మనకు తెలిసినదే. వాణిజ్యగ్రామమునకు చెందిన ఆ గృహస్థు మహావీరస్వామి సన్నిధిని వ్రతములు గైకొనునప్పుడు తన ఆస్తిని పద్దు పద్దుగా చెప్పి హద్దు కట్టుకొనెను. నిధిలో నాలుగు కోట్లు, వ్యాపారములో నాలుగు కోట్లు, గృహసామగ్రియందు నాలుగు కోట్ల సువర్ణము; పదివేల గోవుల మందలు నాలుగు. పిమ్మట బండ్లకును లెక్క చెప్పెను: దూరదేశములకు పోవునవి 500, దగ్గర సరుకు మోయునవి 500. ఓడలను సైతము లెక్కలోనికి తెచ్చెను. వర్తకులమైన మనము గమనింపవలసినది ఒకటి కలదు. ఆయన బండ్లు తక్కువేమియు కావు. కాని వానిని పనినిబట్టి విభజించి చెప్పెను, మొత్తమునకు హద్దు పెట్టెను. “ఎప్పుడైనా పనికివచ్చును” అను పద్దు ఆ లెక్కలో లేదు.

సమంతభద్రాచార్యులు రత్నకరండ శ్రావకాచారమునందు పరిగ్రహ పరిమాణ వ్రతమునకు ఐదు అతిచారములు చెప్పిరి. అందు మొదటిది అతివాహనము, రెండవది అతిసంగ్రహము. అతివాహనమనగా పశువులను శక్తికి మించి నడిపించుటయని కొందరును, అవసరమునకు మించి వాహనములుంచుకొనుటయని కొందరును అర్థము చెప్పుదురు. శ్వేతాంబర సంప్రదాయమున ప్రతిదినము ధరించు 14 నియమములలో వాహనము ఒకటి. ఏ సంప్రదాయమువారమైనను వాహనమును లెక్కించుకొనుట మనకు క్రొత్త కాదు.

మనకు దగ్గరనే హంపీలో గాణగిత్తి బసది యున్నది. రెండవ హరిహరరాయల దండనాయకుడైన ఇరుగప్ప 1385లో దానిని కుంథు జిననాథునికి కట్టించెను. 2021లో జిల్లా విడిపోయి హంపీ విజయనగర జిల్లాలో చేరినను మన రాకపోకలు మారలేదు. కుంథునాథస్వామి దీక్షకు పూర్వము చక్రవర్తి. చక్రవర్తి వైభవములో 84 లక్షల ఏనుగులు, 84 లక్షల రథములు చెప్పబడినవి. అంతటిని ఆ స్వామి విడిచిపెట్టెను. మనలను ఎవరును అంత అడుగుటలేదు. వాకిట నున్న ఒక్క బండి సంగతి ఆలోచింపుడని మాత్రమే నా మనవి.

ఉంచుకొనువారి మాట కూడ న్యాయముగా వినవలెను. ఉమ్మడి కుటుంబములో అన్నదమ్ములిద్దరు ఒకేనాడు ఒకరు ఆదోనికి, ఒకరు రాయదుర్గమునకు వసూళ్ళకు పోవలసియుండును. ఇంట వృద్ధులుండిన అర్ధరాత్రి ఆసుపత్రికి బండి కావలెను. అంతేకాదు, నడుచుచున్న యంత్రమును మూలకు నెట్టి మరియొకటి తెచ్చుటలో హింస లేదా? సండూరు కొండలను, తోరణగల్లు కొలుములను చూచిన మనకు ఇనుము ఎక్కడనుండి వచ్చునో వేరుగ చెప్పనక్కరలేదు. 2011లో సుప్రీంకోర్టు ఈ జిల్లాలో గనుల త్రవ్వకమును నిలిపినప్పుడు మితిమీరిన త్రవ్వకము నేలకు ఏమి చేయునో లోకమంతయు చూచినది. కావున పాతదాని గతి ఏమగునో తేల్చుకొన్న పిమ్మటనే క్రొత్తది కొనుట ఉత్తమము. కొన్నవారు ఇప్పుడైనను తేల్చుకొనవలెను.

ఎట్లు తేల్చుకొనవలెను? అంగడిలో చచ్చిన సరుకును మనము ఎట్లు గుర్తింతుము? ఈ సరుకు మన దగ్గర లేకున్నచో నేడు ఈ ధరకు కొందుమా యని అడుగుకొందుము. కొనమన్నచో అది బీరువాలో ఉన్నను నష్టమే. బండికిని అదే ప్రశ్న వేయుడు. దానిని ఎవరు నడుపుదురు, ఏ పనికి, వారములో ఏ దినములలో? ఈ మూడింటికి జవాబున్నచో అది పనిముట్టు. లేనిచో అది పరిగ్రహము.

మన సాధుసాధ్వులు తమ వద్దనున్న వస్త్రపాత్రలను ప్రతిదినము పడిలేహణ చేయుదురు. ఏ జీవియైన చేరినదేమోయని విప్పి, చూచి, మెల్లగా తుడిచి పెట్టుకొందురు. చూచుకొనగలిగినంతే వారి వద్ద ఉండును. గృహస్థునకు అంత సాధ్యము కాదు గాని ఆ న్యాయము మనకును వర్తించును. నెలల తరబడి నిలిచిన బండిలో ఎలుక గూడు కట్టును, చీమలు పుట్టలు పెట్టును, సాలీడు అల్లును. ఒకనాడు అవసరము వచ్చి తాళము త్రిప్పినచో ఆ ప్రాణులేమగును? మన బళ్ళారి ఎండకు రబ్బరు పగులును, బ్యాటరీ చచ్చును; నమ్ముకొన్న రాత్రి ఆ బండి కదలదు. జీవదయయు నిలువదు, పనియు జరుగదు. ఉంచదలచినవారు వారమునకొకసారి విప్పి చూచి నడిపించుదుమను నియమము పెట్టుకొనవలెను. అంత ఓపిక లేనివారు ఉంచుకొనరాదు.

ఖర్చు సంగతియు చూడవలెను. బీమా ఏటేట కట్టవలెను. 15 సంవత్సరములు నిండిన కారు రిజిస్ట్రేషను పొడిగించుకొనుటకు 2022 ఏప్రిలు 1వ తేదీనుండి రుసుము 600 రూపాయలనుండి 5,000కు పెరిగెను. ఆ పైకము జీవదయ నిధికి చేరిన ఎంత మేలు!

తీసివేయుటయని తీర్మానించినవారికి మిగిలిన వ్రతములు ఎదురుగా నిలుచును. కొలతలో మోసము అచౌర్య వ్రతమునకు అతిచారము. కిలోమీటర్ల మీటరును వెనుకకు త్రిప్పుట త్రాసులో మోసము వంటిదే. ఇంజను నూనె త్రాగుచున్నచో ఆ మాట కొనువానికి ముందే చెప్పవలెను. ధర తగ్గిన తగ్గనీయుడు. బండిని ఇచ్చి పేరు మార్పించకుండుట మరియొక పొరపాటు. రిజిస్ట్రేషనులో పేరున్నవాడే ప్రమాద పరిహారమునకు బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. గుంతకల్లు, ఆదోని వారికి అమ్మునప్పుడు రాష్ట్రము మారును గనుక ఇక్కడి కార్యాలయమునుండి నిరభ్యంతర పత్రము తీసియిచ్చి, అక్కడ పేరు మారువరకు వెంటబడి చూడవలెను. గోశాలకో పాంజరాపోలుకో ఇచ్చువారు మరమ్మతు చేయించి, నడుచు బండినే ఇయ్యవలెను. మనకు బరువైనదానిని ధర్మసంస్థ నెత్తిన పెట్టుట దానము కాదు. నడువనిదానిని గుర్తింపు పొందిన తుక్కు కేంద్రమునకు ఇచ్చి పత్రము పుచ్చుకొనవలెను.

ఇక చివరి మాట. ఉమాస్వాతి ఆచార్యులు తత్త్వార్థ సూత్రములో మూర్ఛనే పరిగ్రహమన్నారు. వస్తువుకంటె దానిపై మమకారమే బంధమని దాని భావము. పెద్దకుమారుని పెండ్లి ఊరేగింపు ఆ బండిలోనే, శిఖర్జీ యాత్ర ఆ బండిలోనే, తండ్రిగారిని చివరిసారి ఆసుపత్రికి తీసికొనిపోయినది ఆ బండిలోనే. అమ్మవలెననగానే ఇంట ఒకరి కండ్లు చెమర్చును. ఆ కన్నీరు తప్పు కాదు. కాని జ్ఞాపకము మన ఆత్మయందున్నదే గాని ఇనుములో లేదు. తండ్రిగారిపై భక్తి వారు చెప్పిన నిజాయితీని అంగడిలో నిలుపుటలో కనబడవలెను. మమకారము క్రొత్తబండిపై కూడ ఉండునని మరువరాదు. పాతదానిని అమ్మి, క్రొత్తదానిని చూచి గర్వించినచో వ్రతము నిలిచినట్లు కాదు.

కావున దీపావళినాడు, మహావీర నిర్వాణ దినమున క్రొత్త లెక్కల పుస్తకము తెరచునప్పుడు, ఒక పుట ప్రత్యేకముగా విడువుడు. ఇంటివారందరు కూర్చుండి, మా ఇంట వాహనములు ఇన్ని, ఇంతకు మించవు, ఒకటి వచ్చిన ఒకటి పోవలెనని వ్రాసికొనుడు. ఆ సంఖ్య ఒకటైనను మూడైనను మీ అవసరమును మీరే ఎరుగుదురు. ఆ పద్దుక్రింద చేవ్రాలు ఇంటి పెద్దది మాత్రమే గాక కుమారులదియు కోడండ్రదియు ఉండవలెను. అందరు ఒప్పుకొన్న హద్దే నిలుచును.

జైనం జయతు శాసనం.