లోపల ఉంచిన గుడ్డ

‘లావు’ అన్న మాటకి తెలుగులో ఒకప్పుడు బలమని అర్థం. పోతన గజేంద్రమోక్షంలో మొసలితో పోరాడి అలసిపోయిన ఏనుగు తనలో ఇక మిగల్లేదని చెప్పుకునేది ఆ లావే. దానికి ఎదురు మాట చిక్కడం. హాస్టల్ నుంచి ఇంటికొచ్చిన పిల్లని గుమ్మంలో చూసి ‘చిక్కిపోయావే’ అని అమ్మ బెంగపడేది. నా తరానికొచ్చేసరికి ఈ రెండూ చోట్లు మార్చుకున్నాయి. లావు నింద అయింది, చిక్కడం ఘనకార్యం అయింది. మాటలు అర్థం మార్చుకోవడంలో వింతేం లేదు. కానీ ఒంటి గురించిన మాట కాస్తా మనిషి గుణం మీద తీర్పుగా ఎలా మారింది అన్నది నన్ను కొన్నాళ్ళుగా తొలుస్తోంది. ఎందుకంటే ఈ ఎనిమిది నెలల్లో నేను 82 కిలోల నుంచి 69కి వచ్చాను.

కారణం మామూలుదే. హెచ్‌బీఏ1సీ 6.2 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ఉందంటే షుగర్ వాకిట్లోకి వచ్చి నిలబడినట్టు. అమ్మకి 42వ ఏట వచ్చింది, నాకిప్పుడు 34. డాక్టరు భయపెట్టలేదు, లెక్క చెప్పింది. పూటకి ఒక కప్పు అన్నం, కంచంలో సగం కూర, పప్పో గుడ్డో తప్పకుండా, టీలో చక్కెర బంద్, సాయంత్రం మిక్చర్ బదులు ఉడకబెట్టిన శనగలు. అంతే. రహస్యం ఏంటని అడిగినవాళ్ళంతా ఇది విని నిరాశపడ్డారు.

తగ్గడం కనబడగానే మెప్పు మొదలైంది. ‘ఎంత విల్‌పవర్ నీది!’ అని ఒకరు. ‘ఇప్పుడు నువ్వు నీలా ఉన్నావ్’ అని ఇంకొకరు. మరి ఇన్నేళ్ళూ నాలా లేకుండా నా పేరుతో తిరిగిందెవరు? ఆ 82 కిలోల మనిషి ఉద్యోగం చేస్తూ ఎం.ఏ. పూర్తి చేసింది. నాన్న ఆస్పత్రిలో ఉన్న నలభై రోజులూ క్యాంటీన్ పూరీలు తిని, రాత్రుళ్ళు కుర్చీలో కూర్చుంది. ఆమెకి సంకల్పబలం లేదనడానికి నాకు నోరు రాదు. నన్ను పొగిడే ప్రతి మాటా వెనక్కి వెళ్ళి ఆమెకి తగులుతుంది. థాంక్స్ అంటే ఆమెని తక్కువ చేసినవాళ్ళతో చేరినట్టు, అనకపోతే పొగరు. నేను నవ్వి ఊరుకుంటున్నాను.

పోనీ, ఆ మెప్పు నాకైనా చెందుతుందా? అరిస్టాటిల్ ‘నికొమాకియన్ ఎథిక్స్’లో ఒక తేడా చూపిస్తాడు. మితం స్వభావమైపోయినవాడికి చెడ్డ కోరిక పుట్టదు. నిగ్రహం ఉన్నవాడికి పుడుతుంది, దాన్ని ఆపుకుంటాడు. ఈ లెక్కన నేను రెండో బాపతు, అదీ అంతంతమాత్రం. ఇరానీ హోటల్ ముందునుంచి వెళితే ఉస్మానియా బిస్కెట్ వాసనకి నా కాళ్ళు ఇప్పటికీ నెమ్మదిస్తాయి. పైగా నా నిగ్రహం వెనక బోలెడు సామాను ఉంది. ఇంటినుంచి పనిచేసే ఉద్యోగం, ఫ్రిజ్ నిండా తోటకూర, సొరకాయ, వేళకి వండుకునే తీరిక, ఏటా రక్తపరీక్ష చేయించే కంపెనీ ఇన్సూరెన్స్. ఇవన్నీ కలిసి తగ్గించిన కిలోల్లో నా గుణం వాటా ఎంత?

మా అమ్మమ్మది అనంతపురం జిల్లా. కొర్రన్నం, రాగి సంకటి తిని పెరిగింది. వరన్నం పండగ తిండి. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం వచ్చి కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చాక ఆమె ఇంట్లో రోజూ వరన్నం ఉడికింది. అది ఆమెకి రుచి కన్నా పరువు. చుట్టాలొస్తే సంకటి పెట్టడానికి సిగ్గుపడేది. అవే కొర్రలు నేనిప్పుడు సూపర్‌మార్కెట్లో, అందమైన ప్యాకెట్లో, బియ్యం కన్నా ఎక్కువ పెట్టి కొంటున్నాను. ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరం అని కూడా ప్రకటించింది. గింజ అదే. ఆమె కంచంలో ఉంటే లేమి, నా కంచంలో ఉంటే క్రమశిక్షణ. వద్దనుకుంటే వేరేది తినగలిగినవాళ్ళకే ఆ రెండో పేరు దక్కుతుంది.

మా ఇంట్లో పనిచేసే ఆమె మాత్రం నన్ను పొగడలేదు. రెండు నెలలు ఊళ్ళో ఉండి వచ్చి, నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. ‘గింత బక్కగయినవేందమ్మా, పానం మంచిగ లేదా?’ అంది. ఇంతమందిలో నా ఆరోగ్యం ఎలా ఉందని అడిగింది ఆమె ఒక్కతే. వదులైపోయిన కుర్తాలు తీసుకుంటావా అంటే ఒకటి ఒంటికి ఆనించి చూసుకుని నవ్వింది. ‘గీ దాంట్ల నేను, నా బిడ్డ ఇద్దరం పడ్తం.’ ఆమె సన్నగా ఉన్నందుకు విల్‌పవర్ అని ఎవరూ అన్నట్టు లేదు.

అసలు చిక్కంతా కుట్టిన బట్టలతోనే. చీరకి ఏ బాధా లేదు. అయిదున్నర మీటర్ల గుడ్డ నీ కొలతెంతని అడగదు, కుచ్చిళ్ళు ఒకటో రెండో ఎక్కువొస్తాయి, అంతే. కుర్తాలు, జాకెట్లు అలా కాదు, ఒక ఫలానా ఒంటిని గుర్తుపెట్టుకుంటాయి. స్నేహితుల సలహా ఏమంటే, పెద్దవన్నీ ఇచ్చేసి దారి మూసేయమని. మళ్ళీ పెరిగితే బిగుతైన బట్టలే హెచ్చరిస్తాయట. ఒడిస్యూస్ సైరెన్ల పాటకి లొంగకుండా తనని ఓడ స్తంభానికి కట్టేయించుకున్నట్టు అన్నమాట. కానీ ఆ పాట వినిపించేది కొంత దూరమే, ఓడ దాటిపోతుంది. ఆకలి రోజూ మూడుపూటలా వస్తుంది. పైగా తగ్గిన ఒళ్ళు శక్తిని పొదుపుగా వాడుతూ ఆకలిని పెంచుతుంది. చాలామందికి పోయిన బరువు ఎంతో కొంత తిరిగొచ్చేది అందుకే. నాకూ వస్తే, ఆ రోజు బీరువా తెరిచిన మనిషికి వేసుకోడానికి ఒక్కటీ ఉండకూడదని ఇవాళ నేను నిర్ణయించాలా?

రెండో వైపు వాదనని తేలిగ్గా కొట్టేయలేను. అమ్మ రాత్రిళ్ళు అరికాళ్ళ మంటలతో లేచి కూర్చోవడం చూస్తున్నాను. పెద్ద జాకెట్టు ఉంచుకోవడం ఆ జబ్బుకి తలుపు తీసిపెట్టడమే అంటే నిజంగానే భయం వేస్తుంది. అయితే నేను కాపాడుకోవలసింది హెచ్‌బీఏ1సీని. ఇప్పుడది 5.6. దాని మీద నిఘాకి మూడు నెలలకోసారి రక్తపరీక్ష ఉంది. ఆ పోలీసు ఉద్యోగం జాకెట్టుకివ్వడం ఎందుకో నాకు సబబుగా లేదు.

ఆరు జాకెట్లు, 40 నుంచి 36కి. మా వీధి టైలర్ తిరగేసి కుట్లు చూసి, ‘గుడ్డ లోపల ఉంచమంటారా మేడమ్, కత్తిరించేయమంటారా?’ అన్నాడు.

‘ఏది మంచిది?’

‘కత్తిరిస్తే ఫిట్టింగ్ బాగా కూర్చుంటుంది. కానీ అడక్కుండా నేనెవరివీ కత్తిరించను. పిల్లలు పుడతారు, మందులు వాడతారు. ఒళ్ళన్నాక ఒక్కలా ఉంటదా?’

ఉంచమన్నాను. రెండు కుర్తాలు అసలు కుట్టడానికే ఇవ్వలేదు. ఎలా చేసినా కూలి ఒకటేనట. చంకల కింద మడతలు మందంగా తగులుతున్నాయి, ఈ మే నెల ఉక్కకి మరీను.