నెలకి ఎంత వస్తే ఉన్నవాళ్లం అయినట్టు?



ఈసారి కథతో కాకుండా మా ఇంటి లెక్కతో మొదలుపెడతాను.

జూన్ మొదటి వారంలో మా ఇంట్లో పనిచేసే ఆవిడ, నేను అక్కా అని పిలుస్తాను, గిన్నెలు తోముతూ మెల్లగా అడిగింది. "అమ్మా, పిల్లకి ఇంటర్ ఫీజు కట్టాలె. పదిహేను వేలు తక్కువ పడుతున్నయ్. నెల నెలా జీతంలో పట్టుకోండి" అని.

"ఈ నెల కొంచెం టైట్‌గా ఉంది అక్కా" అన్నాను.

"ఏం గాదమ్మా, చిట్టీ ఎత్తుకుంటలే" అని తన పనిలో తను పడిపోయింది.

నేను అబద్ధం చెప్పానని నాకు అనిపించలేదు. నిజంగానే టైట్‌గా ఉన్నట్టే ఉంది. కానీ ఆ రాత్రి నిద్ర పట్టక ఫోన్‌లో లెక్క రాశాను. మా ఇద్దరి జీతాలు కలిపి చేతికొచ్చేది 2,10,000. ఫ్లాట్ ఈఎంఐ 68,000. కారు ఈఎంఐ 14,500. పాప స్కూలుకి 18,000. సిప్‌లకి 25,000. ఊళ్లో అమ్మకి 10,000. సరుకులు, పాలు, కరెంటు, పెట్రోలు, మెయింటెనెన్స్ అన్నీ కలిపి ఓ 40,000. ఇంకా 34,500 మిగలాలి. అది ఎటు పోయిందో బ్యాంకు మెసేజ్‌లు వెతుక్కుంటే తెలిసింది: బయట తిండి, ఆన్‌లైన్ ఆర్డర్లు, ఒక వీకెండ్ రిసార్టు.

విచిత్రం ఏంటంటే, ఎవరైనా అడిగితే నేను ఈ రోజుకీ "మేం మిడిల్ క్లాసే కదండీ" అంటాను. మీలో చాలామంది కూడా అదే అంటారు. మరి ఎంత వస్తే ఆ మాట మానేయాలి?

ప్రభుత్వం గీసిన గీతలు చూద్దామనుకున్నాను. అక్కడా ఒక్క గీత లేదు. 2019లో వచ్చిన ఈడబ్ల్యూఎస్ కోటాకి కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉంటే ఆర్థికంగా వెనుకబడినట్టు. కేంద్రంలో ఓబీసీ క్రీమీలేయర్‌కి కూడా అంకె 8 లక్షలే, దాటితే మీగడ కిందే లెక్క. లెక్కించే పద్ధతులు వేరు, నిజమే. అయినా ఒకే అంకె ఒక చోట లేమికి గుర్తు, ఇంకో చోట కలిమికి గుర్తు. కొత్త పన్ను విధానంలో 2025-26 నుంచి మామూలు ఆదాయం 12 లక్షల వరకు ఉంటే పన్నే లేదు. 50 లక్షలు దాటితే పన్ను మీద సర్‌ఛార్జి వేస్తారు. అంటే పై గీత అక్కడెక్కడో ఉంది. మా ఆదాయం ఈ గీతల మధ్యలో ఎక్కడో పడుతుంది. కాబట్టి ఎవరిని చూసి పోల్చుకుంటే అలా కనిపిస్తాను. మా అపార్ట్‌మెంట్‌లో పై ఫ్లోర్ వాళ్లని చూస్తే మేం లేనివాళ్లం. అక్కని చూస్తే?

మన భాగవతంలో ఈ ప్రశ్న వామనుడి దగ్గర వస్తుంది. బలి చక్రవర్తి ఏం కావాలన్నా ఇస్తానంటే వామనుడు మూడడుగుల నేల చాలంటాడు. ఆ మూడడుగులతో తృప్తి పడనివాడికి ఒక ద్వీపమంతా ఇచ్చినా సరిపోదు, ఏడు ద్వీపాలూ కావాలంటాడు అని కూడా చెప్తాడు. ఈ మాట మనం చాలాసార్లు విన్నాం. కానీ ఎక్కువగా ఎదుటివాళ్లకి చెప్పడానికే వాడతాం. ఫీజు కట్టలేక అడిగిన మనిషికి "తృప్తిగా ఉండాలి" అని చెప్పడం ధర్మం కాదు. ఆ మాట వామనుడు అన్నది మూడు లోకాలూ చేతిలో ఉన్న చక్రవర్తి ముందు. పస్తున్నవాడి దగ్గర కాదు. అది నాలాంటి వాళ్లు తమకి తాము చెప్పుకోవాల్సిన మాట.

అదే ఘట్టంలో శుక్రాచార్యుడు, దానం వద్దని బలిని ఆపుతూనే, ఒక లెక్క చెప్తాడు. సంపాదనని ఐదు భాగాలు చేయాలట: ధర్మానికి, మంచి పేరుకి, మళ్లీ సంపాదన పెరగడానికి, సుఖానికి, మనవాళ్లకి. ఆలోచిస్తే, దానం ఆపాలని చూసిన ఆయన కూడా ధర్మం వాటాని సున్నా చేయలేదు. నా లెక్క దీని పక్కన పెట్టి చూశాను. సిప్‌లు ఉన్నాయి, అమ్మకి పంపేది ఉంది, సుఖానికైతే బోలెడంత. ధర్మం ఎదురుగా ఏం రాయాలో తెలియలేదు.

"మరి ఈఎంఐ ఉంది కదా" అంటారు. నేనూ అదే అనుకున్నాను. కానీ మన స్వామికే అప్పుంది! పెళ్లికి కుబేరుడి దగ్గర తీసుకున్న అప్పు ఇంకా తీరుస్తూనే ఉన్నాడని మన నమ్మకం. ఆ అప్పున్న స్వామి కొండ మీదే 1985 నుంచి నిత్యాన్నదానం నడుస్తోంది. అప్పు తీరాక పెడదాంలే అనుకుంటే కొండ మీద ఒక్క విస్తరీ లేచేది కాదు.

ఇప్పుడు నాకు అర్థమైనంతలో చెప్తాను. ఆసుపత్రి బిల్లు వస్తే అప్పు చేయక్కర్లేకపోతే, ఉద్యోగం పోయినా ఆరు నెలలు ఇల్లు నడిస్తే, మనం సుఖంగా ఉన్నట్టు. దానికి డబ్బు కావాల్సిందే. జపంతో ఫీజులు కట్టలేం. అది దాటాక ఇంకొకరి అవసరానికి మన నెలలో చోటుంటే, మనం ఉన్నవాళ్లం. ఆ చోటు జీతం పెరిగితే దానంతట అది రాదు. నాకు రాలేదు. జీతం పెరిగిన ప్రతిసారీ ఖర్చు దాని వెనకే వచ్చింది. మన పెద్దవాళ్లు "ఉన్నంతలో పెట్టాం" అనేవారు. ఎంత ఉంటే అని ఆగేవాళ్లు కాదు.

మర్నాడు పొద్దున్నే పదిహేను వేలు తీసి ఇవ్వబోయాను. అప్పటికే రాత్రి వేలంలో చిట్టీ పాడేసుకుందట. ముందే పాడుకోవడం వల్ల నాలుగు వేలు పోయాయి. నేను టైట్‌గా ఉంది అన్న ఒక్క మాటకి ఆవిడ కట్టిన ధర అది.

ఆ నాలుగు వేలైనా తీసుకోమంటే తీసుకోలేదు. "వచ్చే ఏడు సెకండియర్ ఫీజుంటది గదమ్మా, అప్పుడు జూద్దాం" అంది నవ్వుతూ.

అందుకే ఇప్పుడు జీతం పడగానే, ఈఎంఐ కట్ అయ్యే ముందే, కొంత వేరే ఖాతాలోకి వెళ్తోంది. పెద్ద మొత్తం కాదు. ఈ నెల మీ లెక్క కూడా ఒకసారి రాసి చూడండి. ఐదు వాటాల్లో ఏది ఖాళీగా ఉందో మీకే కనిపిస్తుంది.

శ్రీకృష్ణార్పణం.