చిన్న దీవికి వెళ్ళే ముందు

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి, మేనత్త ఆశీర్వదించి వ్రాయునది.

నువ్వు పంపిన అండమాన్ ప్రయాణం పట్టిక శ్రద్ధగా చదివాను. అయిదు రోజుల్లో పోర్ట్ బ్లెయిర్, బారటాంగ్, హావ్‌లాక్, నీల్ అన్నీ సర్దావు. ఒకరోజు తెల్లవారకముందే బండెక్కడం, మర్నాడు ఓడ, ఆ మర్నాడు మరో ఓడ, ప్రతి రాత్రీ కొత్త బస. పైన మాత్రం ‘విశ్రాంతి కోసం’ అని రాశావు. ఇద్దరి డ్యూటీ వేళలూ కలవక నువ్వూ అల్లుడూ ఒక ఇంట్లో ఉండి కూడా తీరిగ్గా మాట్లాడుకుని చాలాకాలమైందని మీ నాన్న నాతో చెప్పి బాధపడ్డాడు. మీకు విశ్రాంతి అవసరమన్నది నిజం. ఈ పట్టికలో మాత్రం అది ఎక్కడా లేదు. మీ మామయ్య ఉద్యోగరీత్యా పోర్ట్ బ్లెయిర్‌లో కాపురం ఉన్నదాన్ని, ఆ దీవుల మంచీచెడూ చూసినదాన్ని కాబట్టి, అడగకపోయినా నాలుగు మాటలు చెబుతున్నాను.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే, తల్లీ. చిన్న దీవికి హద్దులుంటాయి. మంచినీళ్ళు ఇంతే, కరెంటు ఇంతే, ఓడకో వేళ, వెలుతురుకో వేళ. ఆ హద్దుల్లో ఇమిడేలా కోరికల్ని తగ్గించుకుని వెళితే విశ్రాంతి దానంతటదే దొరుకుతుంది. డబ్బు పెట్టి ఆ హద్దుల్ని జరపాలని చూస్తే మీకు అలసట, దీవికి చేటు. సంసారం గుట్టుగా నడుపుకుంటున్న బంధువుల ఇంటికి వెళ్ళినప్పుడు ఎలా మసలుకుంటామో, అక్కడా అలాగే మసలుకోవాలి.

అందుకని ముందు పట్టికలో సగం కొట్టెయ్యి. నీల్‌కు ఒక పూట కేటాయించావు. అక్కడే మూడు నాలుగు రాత్రులు ఉండండి. పోర్ట్ బ్లెయిర్‌కు సుమారు 37 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ దీవిని 2018 డిసెంబర్ 30 నుంచి షహీద్ ద్వీప్ అంటున్నారు. అంతకు సరిగ్గా 75 ఏళ్ళ ముందు, 1943లో అదే రోజున, నేతాజీ పోర్ట్ బ్లెయిర్‌లో జెండా ఎగరేశారు. పోర్ట్ బ్లెయిర్ పేరు కూడా 2024లో శ్రీ విజయపురంగా మారింది. టికెట్లు తీసేటప్పుడు రెండు పేర్లూ కనిపిస్తే కంగారుపడకు. నీల్ ఎంత చిన్నదంటే సైకిలు మీద ఒక పూటలో తిరిగి రావచ్చు. 2011 లెక్కల ప్రకారం అక్కడ ఉండేది మూడు వేల మంది. చూడాల్సినవి తక్కువ కాబట్టే ఆ దీవి పేరు చెబుతున్నాను. పొద్దున్న లేచి ఈరోజు ఏం చూడాలని లెక్క వేసుకోనక్కర్లేని చోటు మీకు కావాలి.

వెళ్ళే కాలం జాగ్రత్తగా ఎంచుకో. అక్కడ ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మనకంటే ముందే, మే నెల మూడో వారానికల్లా, నైరుతి అక్కడ దిగుతుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య గాలులు, వాయుగుండాల భయం. డిసెంబర్ చివర సెలవుల రద్దీ. ఫిబ్రవరి, మార్చి నెలల్లో సముద్రం నెమ్మదిగా ఉంటుంది, నీళ్ళు తేటగా ఉంటాయి. నువ్వు సెలవు పెట్టుకోవాల్సింది అప్పుడే.

ఓడల సంగతి. పోర్ట్ బ్లెయిర్ నుంచి నీల్‌కు ప్రభుత్వ ఓడలూ, ప్రైవేటు ఓడలూ ఉన్నాయి. ప్రభుత్వ ఓడలో సుమారు రెండు గంటలు, ప్రైవేటు వాటిలో ఇంకా తక్కువ. ఆ ప్రభుత్వ ఓడే దీవివాళ్ళకు పెద్దాసుపత్రికీ, కాలేజీకీ, కచేరీ పనులకూ దారి. టికెట్ల దగ్గర వాళ్ళకు ముందు చోటిస్తే విసుక్కోవద్దు. గాలి లేస్తే ఓడలు ఆపేస్తారు. అందుకని తిరుగు విమానానికి ముందురోజే పోర్ట్ బ్లెయిర్ చేరిపోవాలి. ఉదయం ఓడ దిగి మధ్యాహ్నం విమానం అందుకుందామన్న నీ లెక్క పనికిరాదు. ఒక రోజు పోతుందని అనుకుంటావు. దాని బదులు చివరి రెండు రోజులూ గుండె దడ లేకుండా గడుస్తాయి.

అక్కడి గడియారం మనదే గానీ సూర్యుడు మాత్రం తొందరగా వస్తాడు, తొందరగా వెళతాడు. మన దేశపు కాలమానం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద కట్టింది. అది మన కాకినాడకు దగ్గరగానే పోతుంది. అండమాన్ అక్కడికి పది డిగ్రీలు తూర్పున ఉంది. ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున దాదాపు నలభై నిమిషాల తేడా. ఫిబ్రవరిలో సాయంత్రం అయిదున్నర ప్రాంతానికే సూర్యుడు దిగిపోతాడు. ఆలస్యంగా లేచేవాళ్ళకు అక్కడ పగలు సగమే మిగులుతుంది. చీకటి పడగానే భోంచేసి పడుకోండి, తెల్లవారుతుండగా నీల్‌లోని సీతాపూర్ ఒడ్డుకు నడవండి. నిద్ర వేళ సరిపడితే మీ ఇద్దరి చికాకులు సగం తగ్గుతాయి.

ఇంకో గడియారం సముద్రానిది. రోజుకు రెండుసార్లు పోటు వస్తుంది, రెండుసార్లు నీరు తీస్తుంది. ఆ వేళ రోజూ సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది. పున్నమికీ అమావాస్యకూ పోటు ఎక్కువ. లక్ష్మణ్‌పూర్ దగ్గర రాయి తొలిచి సముద్రమే కట్టిన సహజ వంతెన ఉంది. నీరు బాగా తీసినప్పుడే దాని దాకా నడిచి వెళ్ళగలరు. భరత్‌పూర్‌లో స్నానానికి పోటు వేళే బాగుంటుంది, నీరు తీస్తే కింద పగడపు రాళ్ళు తేలతాయి. బస ఇచ్చినవాళ్ళను రోజూ పొద్దున్నే ఆ వేళలు అడిగి, దాన్నిబట్టి మీ రోజును సర్దుకోండి. హెచ్చరిక బోర్డు ఉన్నచోట, చీకటి పడ్డాక, మడ అడవుల కాలవల దగ్గర నీళ్ళలోకి దిగవద్దు. ఆ దీవుల్లో ఉప్పునీటి మొసళ్ళున్నాయి, మనుషుల ప్రాణాలు తీశాయి కూడా.

పగడాల గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే మనవాళ్ళు ఎక్కువగా తప్పు చేసేది అక్కడే. పగడం రాయి కాదు. లక్షల చిన్న ప్రాణులు కట్టుకున్న ఇల్లు. వాటి ఒంట్లో నాచు జాతి సూక్ష్మజీవులు ఉండి వాటికి తిండి చేసిపెడతాయి. సముద్రం మామూలు కంటే వేడెక్కి అలాగే ఉండిపోతే పగడం ఆ నాచును వదిలేసి తెల్లబడిపోతుంది, త్వరగా చల్లబడకపోతే చచ్చిపోతుంది. అండమాన్‌లో 1998లో, 2010లో, 2016లో అలా జరిగింది. రాతి పగడం చాలావరకు ఏడాదికి మిల్లీమీటర్ల నుంచి కొద్ది సెంటీమీటర్లు మాత్రమే పెరుగుతుంది. ఎండదెబ్బ తిని కోలుకుంటున్న ప్రాణి మీద ఫోటో కోసం కాలు పెట్టి నిలబడటం ఏం మర్యాద? నీళ్ళలో తేలుతూ చూడండి, ఏదీ ముట్టుకోవద్దు. ఒంటికి క్రీములు దట్టంగా పూసుకునే బదులు పొడుగు చేతుల బట్టలు వేసుకుని దిగండి.

ఒడ్డున దొరికిన చచ్చిన పగడం ముక్క కూడా సంచిలో వేసుకోకూడదు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం దాన్ని నేరమంటుంది, విమానాశ్రయంలో సంచులు వెతికి పట్టుకుంటారు. చట్టం లేకపోయినా నేను వద్దనే అంటాను. ఖాళీ గవ్వలో సన్యాసి పీత కాపురం పెడుతుంది, పగడం ముక్కలు అరిగి ఆ తెల్లని ఇసుకలో కలుస్తాయి. ఆ నీళ్ళలో గడ్డి మేసే డ్యుగాంగ్ అనే సాధు జంతువు తిరుగుతుంది. అక్కడి ప్రతి వస్తువునూ మరో ప్రాణి వాడుకుంటోంది. మనం తెచ్చుకోదగినది ఏమీ లేదు.

మనుషుల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. నీల్‌లో ఉన్నవాళ్ళు చాలావరకు దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి నిలువ నీడ లేక వచ్చిన కుటుంబాల పిల్లలు. అడవి కొట్టి పొలం చేసుకుని, ఊళ్ళకు రాముడి పేరు, సీతమ్మ పేరు, తమ్ముళ్ళ పేర్లు పెట్టుకున్నారు. చుట్టుపక్కల దీవులకు కూరగాయలు అక్కడి నుంచే వెళతాయి. నీల్ కేంద్ర బజారులో ఆ రోజు వచ్చిన కూర, ఆ రోజు పడిన చేప తినండి. ఓడలో రావలసిన వస్తువు కోసం పట్టుబట్టవద్దు. మంచినీళ్ళకు వానా, బావులూ ఆధారం కాబట్టి బకెట్ నీళ్ళతో స్నానం ముగించండి. సీసాలు, కవర్లు మీరు తీసుకెళ్ళినవి మీరే వెనక్కి తెచ్చుకోండి, అక్కడ పారేస్తే పోయేచోటు లేదు. సరిపడా నగదు దగ్గర ఉంచుకోండి. ఫోన్ సిగ్నల్ అంతంతమాత్రమే, ఆఫీసుకు ముందే చెప్పి వెళ్ళు.

బారటాంగ్‌ను మాత్రం ఖచ్చితంగా కొట్టెయ్యమంటున్నాను. సున్నపురాయి గుహలు చూడటానికని రాశావు. ఆ రోడ్డు జారవా ఆదివాసుల అడవి మధ్య నుంచి పోతుంది. బండ్లలో వెళ్ళే చాలామంది కళ్ళు వెతికేది గుహల్ని కాదు, వాళ్ళని. 1956 నుంచే ఆ జనాన్ని కాపాడే నిబంధన ఉంది. ఫోటో తీయడం, తిండి విసరడం నేరం. వాళ్ళు బయటివాళ్ళతో కలవడం మొదలైన కొద్దికాలానికే, 1999లో, తట్టు సోకి ఎందరో మంచం పట్టారు. ఆ దారిని మూసెయ్యమని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా బండ్లు నడుస్తూనే ఉన్నాయి. సాటి మనిషి ఇల్లు మనకు వినోదం కాకూడదు, అమ్మా. ఈ ఒక్క విషయంలో నీకు నచ్చినట్టు చెయ్యమని నేను అనలేను.

మిగిలిన ఒక పగలు పోర్ట్ బ్లెయిర్‌లో సెల్యులర్ జైలుకు ఇవ్వండి. 1906లో పూర్తయిన ఆ జైల్లో దాదాపు ఏడు వందల ఒంటరి గదులు. కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన మన ప్రతివాది భయంకరాచారి కూడా అక్కడ మగ్గినవాడే. సముద్రం అదే, గాలి అదే. మనం హాయి కోసం వెళ్ళే చోటు వాళ్ళకు నరకమైంది. అది తలుచుకుంటే మన హాయిని చులకనగా వాడుకోబుద్ధి కాదు. తీరిక ఉంటే జంగ్లీఘాట్ వైపు వెళ్ళండి. సిక్కోలు, విశాఖ తీరాల నుంచి వెళ్ళి స్థిరపడ్డ మన మత్స్యకార కుటుంబాల తెలుగు వినపడుతుంది. సముద్రం గురించి ఏ సందేహమున్నా వాళ్ళని అడుగు, ఓపికగా చెబుతారు.

ఇంత చెప్పానని బరువెక్కిన మనసుతో వెళ్ళవద్దు. పనిలేకుండా కూర్చోవడం మీ తరానికి నేరంలా నేర్పారు, అందుకే సెలవులో కూడా లెక్క చూపించాలని ఆరాటపడుతున్నారు. ఎన్ని చూశారని ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేదు. ఇద్దరూ ఒకరి మాట ఒకరు పూర్తిగా వినగలిగితే చాలు, వెళ్ళిన పని అయినట్టే. ఈ వారంలోనే పట్టిక తిరగరాసి నాకు పంపు. అందులో బారటాంగ్ ఉండకూడదు, నీల్‌కు మూడు రాత్రులు తగ్గకూడదు.

ఇట్లు,
మీ ఇద్దరి క్షేమం కోరే
మేనత్త