స్వేచ్ఛకు ఓడ చాలునా?

మనిషి ఒక్కడే స్వేచ్ఛగా ఉండగలడా? ఇది పాత ప్రశ్నే. దీన్ని తత్త్వవేత్తలు గ్రంథాల్లో చర్చించారు. ప్రజలు ఉద్యమాల్లో దీనికి జవాబు వెదికారు. నేనిక్కడ దీన్ని ఒక సముద్రపు దొంగ ద్వారా పరిశీలించదలచుకున్నాను. ఆ దొంగ ఒక స్త్రీ. ఆమె ఉన్నది కావ్యంలో కాదు, నవలలో కాదు. కెనడాకు చెందిన బయోవేర్ సంస్థ 2011లో వెలువరించిన ‘డ్రాగన్ ఏజ్ 2’ అనే వీడియో గేములో. పేరు ఇసబెలా.

ఆటల మీద కూడా విమర్శ వ్యాసాలా అని మిత్రులు కొందరు అడగవచ్చు. నవల పుట్టిన కొత్తలో దాన్నీ పనిలేనివాళ్ల కాలక్షేపమనే అన్నారు. ఎంతోమంది యువతీయువకులు గంటల తరబడి ఒక కథలో మునిగి, అందులోని మనుషులకు మేలు చేయాలో కీడు చేయాలో తామే నిర్ణయిస్తూ ఉంటే, ఆ కథ ఏ నీతిని అలవాటు చేస్తున్నదో పట్టించుకోకపోవడం విమర్శకుడికి తగదు.

ఈ ఆటలో ఆడేవాడు హాక్ అనే పాత్రను ధరిస్తాడు. అతని వెంట కొందరు సహచరులు నడుస్తారు. కథాస్థలం కర్క్‌వాల్ అనే కల్పిత రేవుపట్టణం. ఒకప్పుడు అది బానిసల వ్యాపారానికి కేంద్రం. గొలుసుల నగరమని దానికి మారుపేరు. ఆ ఊరి సారాకొట్టులో హాక్‌కు ఇసబెలా తారసపడుతుంది. ఆమె ఓడ తుఫానులో పగిలిపోయింది. ఆ ఓడ కూడా ఆమె స్వార్జితం కాదు, హత్యకు గురైన భర్త నుంచి సంక్రమించినది. ఆట పొడుగునా ఆమె ఓడలేని నావికురాలే. సముద్రం కళ్లెదుటే ఉంటుంది. దాని మీదికి పోయే దారి మాత్రం లేదు.

ఆమెను చూడగానే ఒక ఆక్షేపణ తప్పదు. ఆమె దుస్తులను నిర్ణయించింది సముద్రపు గాలి కాదు, బజారు. ఓడ తాళ్లెక్కి తెరచాపలు దించే మనిషి అట్లా దుస్తులు వేసుకోదు. స్త్రీ శరీరాన్ని సరుకుగా చూపే వ్యాపారనీతి ఇక్కడ స్పష్టంగా ఉంది; దాన్ని సమర్థించవలసిన పని మనకు లేదు. కాని అక్కడే ఆగిపోయిన విమర్శకుడు పైపూతను చూసి మనిషిని చూడనివాడవుతాడు. తన కోరికల గురించి సిగ్గుపడకపోవడం ఇసబెలా దోషం కాదు. ఆమె దోషం మరొకచోట ఉంది. అది మనలో చాలామంది దోషం కూడాను.

ఆమె కథ వినండి. కాస్టిలాన్ అనే వర్తకుడు ఆమె ఓడకు సరుకు ఒప్పజెప్పాడు. ఆ సరుకు మనుషులని, బానిసలని తెలియగానే ఆమె వాళ్లను వదిలిపెట్టింది. ఇది గొప్ప పని. అయితే వర్తకుడు నష్టపరిహారం కోరాడు. ఆ బాకీ తీర్చడానికి కునారీలనే జాతివారికి పవిత్రమైన గ్రంథాన్ని ఆమె చేజిక్కించుకున్నది. వాళ్లు వెంటపడ్డారు, తుఫానులో రెండు ఓడలూ పగిలాయి, గ్రంథమూ చేజారింది. అది లేకుండా స్వదేశం పోలేక కునారీ సేన ఏళ్ల తరబడి కర్క్‌వాల్‌లోనే నిలిచిపోయింది. ఊరికీ సేనకూ మధ్య వైరం ముదిరి చివరకు ఊరు తగలబడింది. ఇదంతా తన దొంగతనం నుంచి మొదలయిందని ఇసబెలాకు తెలుసు. తెలిసీ చెప్పలేదు. గ్రంథం మళ్లీ దొరకగానే దాన్ని తీసుకొని పారిపోయింది. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య అన్నారు మనవాళ్లు. ఓడమల్లయ్య అన్న మాట ఇంతగా అతికినట్టు సరిపోయే పాత్ర మరొకటి నాకు తోచదు.

కాని కొన్నిసార్లు ఆమె తిరిగివస్తుంది, గ్రంథాన్ని చేతబట్టుకొని, శత్రువుల నడుమకు. ఎప్పుడు? హాక్‌కూ ఆమెకూ మధ్య బంధం తగినంత గాఢమైనప్పుడు. ఆటలో ఈ బంధాన్ని కొలిచే కొలబద్ద ఒకటున్నది. దాని ఒక కొస స్నేహం, మరొక కొస వైరం. ఆమె తిరిగిరావడానికి స్నేహమే కావాలని లేదు. ఆమె పనులను మొదటినుంచీ ఎదిరిస్తూ, తప్పును తప్పని ముఖం మీదనే చెప్పిన హాక్ కోసం కూడా ఆమె వస్తుంది. మధ్యస్థంగా, అంటీముట్టనట్టు ఉన్నవాడి కోసమే రాదు.

మానవసంబంధాన్ని అంకెల్లో కొలవడం వర్తకుడి లెక్కల పుస్తకాన్ని గుర్తుకు తెస్తుంది, నిజమే. అయినా ఆ లెక్కలో ఒక సత్యం చిక్కింది. మనిషిలో బాధ్యతను మేల్కొలిపేది పొగడ్త కాదు, తన్ను గురించి మరొకరు పట్టించుకోవడం. విమర్శ కూడా పట్టించుకోవడమే. ఉపేక్ష మాత్రం మనిషిని ఒంటరిని చేస్తుంది. ఒంటరివాడు తన పడవను తాను చూసుకుంటాడు.

ఆమె తిరిగివచ్చాక కునారీ సేనాని గ్రంథంతోపాటు ఆమెను కూడా అప్పగించమంటాడు. ఆడేవాడు అప్పగించవచ్చు, లేదా ఆమె కోసం పోరాడవచ్చు. మనుషులను సరుకుగా భావించనందుకు కష్టాలపాలైన స్త్రీ ఇప్పుడు తానే బేరంలో సరుకయింది. ఆమె వల్ల ఊరు తగలబడిన మాట వాస్తవం. ఆమె జవాబు చెప్పుకోవలసిందే. కాని జవాబుదారీ వేరు, అప్పగింత వేరు. మొదటిదానిలో ఆమె మనిషి, రెండవదానిలో వస్తువు.

అసలైన పరీక్ష కథ చివరిభాగంలో వస్తుంది. కాస్టిలాన్ తిరిగి ఎదురుపడతాడు. అతని బానిస వ్యాపారాన్ని రుజువు చేసే కాగితాలు ఇసబెలా చేతిలో ఉన్నాయి. వాటిని బయటపెట్టి ఆ వ్యాపారం నడ్డి విరుస్తుందా? లేదు. కాగితాలు నీవి, ఓడ నాది అని బేరం పెడుతుంది! ఒకనాడు బానిసలను విడిపించిన స్త్రీయే. హాక్ ఆ బేరానికి ఒప్పుకోవచ్చు, లేదా వర్తకుణ్ణి చంపవచ్చు.

నేను ఆడినప్పుడు ఒప్పుకున్నాను. ఎన్నో ఏళ్లుగా ఓడ కోసం అల్లాడిన మనిషి మళ్లీ సముద్రం మీదికి పోతుందన్న సంతోషమే నాకు అప్పుడు కనిపించింది. కాస్టిలాన్ తరువాతి ఓడలో గొలుసులతో ఎక్కబోయేవాళ్లు కనిపించలేదు. వాళ్లకు ఆటలో ముఖాలు లేవు, పేర్లు లేవు, నాతో మాటల్లేవు. ఇసబెలాకు ఇవన్నీ ఉన్నాయి. మన సానుభూతి ఎంత సులభంగా ముఖం ఉన్నవాళ్ల పక్షం చేరుతుందో ఆ రాత్రి నాకు తెలిసివచ్చింది. ఆటలోనే కదా అని సరిపెట్టుకోవచ్చు. కాని ఆ లోపం ఆట నాకిచ్చింది కాదు. నేను ఆటలోకి తీసుకుపోయింది.

చరిత్రలోని సముద్రపు దొంగలు కూడా ఈ వైరుధ్యానికి అతీతులు కారు. బార్తలోమ్యూ రాబర్ట్స్ ఓడ నిబంధనలు 1724లో లండన్‌లో అచ్చయిన దొంగల చరిత్రలో ఉన్నాయి. వాటి ప్రకారం వ్యవహారాల్లో ప్రతివాడికీ ఓటుంది. కెప్టెనుకు 2 వాటాలకు మించి లేదు. ఆనాటి వర్తకనౌకల్లో కొరడాదెబ్బలు తిన్న నావికులకు అది నిజంగా కొత్త లోకమే. మార్కస్ రెడికర్ వంటి చరిత్రకారులు దీన్ని ఎత్తిచూపడం న్యాయమే. కాని ఆ నిబంధనల్లోనే, స్త్రీని మారువేషంతో ఓడమీదికి తెచ్చినవాడికి మరణశిక్ష ఉంది. 1722లో ఆఫ్రికా తీరాన విదా రేవులో, డబ్బు చెల్లించని బానిస ఓడ ఒకదానికి రాబర్ట్స్ మనుషులు నిప్పుపెట్టారు. సంకెళ్లు విప్పే తీరిక వాళ్లకు లేకపోయింది. ఓడలో దాదాపు 80 మంది బానిసలున్నారని ఆ పుస్తకమే చెబుతున్నది. ఓటుహక్కు ఉన్న ఓడ పక్కనే సంకెళ్లున్న ఓడ కాలిపోయింది. స్వేచ్ఛ ఒక ఓడ అంచు దగ్గర ఆగిపోతే జరిగేది ఇదే.

ఇసబెలాను దుష్టురాలనడం నా ఉద్దేశం కాదు. ఆమెలో జాలి ఉంది, ధైర్యం ఉంది. ఎదుట గొలుసులతో నిలబడ్డ మనిషిని ఆమె విడిపించగలదు. ఎదుట లేని మనిషిని తలచుకోవడమే ఆమెకు చేతకాదు. జాలి ఒక్కసారి చేసే పనిని, సంఘీభావం పదేపదే చేయవలసి ఉంటుంది, తనకు నష్టం కలిగినా సరే. ఆ తేడాయే ఆమె దాటలేకపోయిన సముద్రం.

ఆమెకు ఓడ అక్కర్లేదని నేననను. చేతిలో పని, కాలికింద ఆధారం లేని స్వేచ్ఛ వట్టిమాట. కాని ఆ ఓడ ఎవరినుంచి వచ్చింది, దాని వెల ఎవరు చెల్లిస్తున్నారు అని అడగకుండా తెరచాప ఎత్తితే, అది ఎంత వేగంగా పోయినా కాస్టిలాన్ ఓడే. ఆమె ఆ ప్రశ్న అడగలేదు. పక్కన నిలబడ్డ సహచరుణ్ణి, నేను అడిగి ఉండవలసింది.