కనరాని భోక్త

బియ్యమును చేటలో పోసి రాళ్లేరి, పప్పును ఎండలో ఆరబోసి పురుగు చూచి, నూనెను ముక్కునకు ఆనించి గాని పొయ్యి రాజేయని గృహిణులు మన యిండ్లలో నేటికిని కలరు. పరీక్షించు చేయియు వడ్డించు చేయియు వారి కొక్కటియే. తప్పు జరిగినచో దాని ఫలము తమ బిడ్డల కంచములోనే కనబడును. అంగడి పొట్లమున కట్టి యదృష్టము లేదు. అనంతపురపు చేలలో పండిన వేరుసెనగ ఒకచోట పొట్టు వలువబడి, ఇంకొకచోట వేగి, పొట్లములకెక్కి, ఏ యూరి శిశువు చేతికో చేరుచున్నది. నడుమ కర్మాగారపు ప్రయోగశాలలో ఒక రసాయనజ్ఞుడు కూర్చుండి, ఇది తినదగునని వ్రాలు చేయుచున్నాడు. ఆ వ్రాలునకు జీతమిచ్చువాడు అమ్మువాడు. దానిని నమ్ముకొని తినువాడు వేఱొకడు. ఇట్టివాడు ఎవరి సేవకుడు?

జీతమిచ్చువానికే యనుట తేలిక. ధర్మమునకే యనుట ఇంకను తేలిక. రెండును ఆ గదిలోని చిక్కు నెఱుగనివారి మాటలు.

వేరుసెనగకు తడి తగిలినచో బూజు పట్టును. అందొక జాతి బూజు అఫ్లాటాక్సిన్ అను విషమును పుట్టించును. 1960లో ఇంగ్లండున లక్ష టర్కీ కోళ్లు చచ్చినప్పుడు, వాని మేతలోని వేరుసెనగ పిండిని శోధింపగా దీని యునికి బయటపడినది. 1974లో గుజరాతు, రాజస్థానముల పల్లెలలో బూజుపట్టిన మొక్కజొన్న తిని నూర్గురకు పైగా మరణించిరి. ఆ సంగతిని పరిశోధించినవారు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు. ఈ విషమును నాలుక పట్టజాలదు. వేయించినను పూర్తిగా పోదు. కొంచెము కొంచెముగా ఏండ్లతరబడి లోనికి పోయినచో కాలేయమున క్యాన్సరు పుట్టించును.

ఇది బస్తాయందంతట సమముగా పరచుకొనియుండదు. వేలకొలది గింజలలో ఏ యొకటి రెండింటనో గూడు కట్టుకొనియుండును. కావున పరీక్షకుడు గుట్టలో పలుచోట్లనుండి పిడికెడు పిడికెడు తీసి, కలిపి, పొడిచేసి, అందు కొంచెమును కొలుచును. కొలత దోషము చూపెననుకొందము. యజమాని కోపింపడు; లంచమీయడు. మెల్లగా, "ఇంకొకసారి చూడుడు" అనును. ఈ మాట యందు అన్యాయమేమి కలదు? మొదటి కొలతయే తప్పియుండవచ్చును గదా. రెండవమాఱు తీసిన పిడికిళ్లలో ఆ చెడుగింజ పడదు. అంకె చక్కగా వచ్చును. పరీక్షకుడు దానిని వ్రాసి, మొదటి కాగితమును చింపివేయును. అతడు వ్రాసినదానిలో ఒక్క యక్షరమైనను అబద్ధము లేదు. కురుక్షేత్రమున ధర్మరాజు గొంతు తగ్గించి పలికిన మాటయు నిజమే. ఆయన రథము నేలకు దిగకపోలేదు.

రెండవ పరీక్షయే తప్పని నేననను. ఏల చేసితినో వ్రాసి, రెండు ఫలితములను ఉంచి నిర్ణయించుట శాస్త్రము. నచ్చిన యంకె వచ్చువఱకు కొలుచుట జూదము. తొలిసారియే మంచి యంకె వచ్చినప్పుడు ఇంకొకసారి చూడుమనిన యజమానిని నేనింతవఱకు వినలేదు.

దీనికి ప్రతివాదము కలదు. అది త్రోసివేయదగినది కాదు. ఆ సరకును నిరాకరించినచో గింజలేరు కూలిస్త్రీలకు పని పోవును. వ్యాపారి వచ్చు పంటకు రైతునొద్ద ధర తగ్గించును. పరీక్షకునకును అప్పులు, పిల్లలు ఉందురు. ఇదంతయు నిజమే. అయితే యజమానికి ఈ కూలివారు సత్యమునకు అడ్డు నిలుపవలసినప్పుడే జ్ఞాపకము వత్తురు గాని, కూలి పెంపవలసినప్పుడు రారు. వారి కష్టము కంటికి కనబడును, దానికి పరిహారమును చేయవచ్చును. ఇరువదియేండ్లకు కాలేయము చెడినవాడు ఏ పొట్లము తనను చెఱచెనో ఎఱుగడు, తగవునకు రాడు. అతని పక్షమున ఆ గదిలో ఉన్నవాడు పరీక్షకుడొక్కడే.

(ఐరోపా సంఘము నేరుగా తిను వేరుసెనగకు కిలోకు 4 మైక్రోగ్రాముల హద్దు పెట్టినది, మన హద్దు అంతకంటె సడలినది. ఓడ యెక్కనీయని గింజ ఊరి బజారున తినదగినదగుట నాకు మ్రింగుడుపడదు. అది పరీక్షకుని తప్పు గాదు.)

2008-09లో అమెరికాయందు పీనట్ కార్పొరేషన్ ఆఫ్ అమెరికా వారి వేరుసెనగ సరకులోని సాల్మొనెల్లా క్రిమివలన ఏడువందలమందికి పైగా జబ్బుపడిరి; తొమ్మండుగురు చనిపోయిరి. పరీక్షాఫలితము రాకముందే సరకులు పంపి, దొంగపత్రములు జతచేసినట్లు విచారణలో తేలినది. 2015లో యజమానికి 28 ఏండ్లును, నాణ్యతాధికారిణికి 5 ఏండ్లును కారాగారశిక్ష పడినది. ఆమె నేరముగా తేలినది విచారణకు అడ్డుతగులుట. అధికారులయెదుట ఆడిన మాటను చట్టము పట్టుకొనగలదు. సరకు బండియెక్కుచుండగా చూచి మిన్నకుండినవారెందఱో ఏ తీర్పును లెక్కింపజాలదు.

అందుచే పరీక్షకుని ధైర్యమునకే యీ భారమంతయు వదలుట నాకు సమ్మతము గాదు. అమ్మకము చూచు అధికారి చేతిక్రింద అతని నుంచరాదు. అతని మొదటి యంకె యజమాని చెఱపలేనిచోట నిలువవలయును. ఇది అసాధ్యమేమియు గాదు. మంచి ప్రయోగశాలలలో పుటలకు అంకెలు వేసి కుట్టిన పుస్తకమునందే వ్రాయుదురు. ఒక పుట చింపినచో తెలిసిపోవును. తప్పుపడిన యంకెను చెఱపరు. చదువుటకు వీలుగా ఒక్క గీత గీసి, ప్రక్కన కొత్త యంకెయు, తేదియు, కారణమును, తమ పొడియక్షరములును వేయుదురు.