ఎల్లను ఎవరిమీద మూస్తున్నాం?

ఒక రాజ్యం తన సరిహద్దును మూసుకోవటం న్యాయమా, అన్యాయమా? ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా మనలో రెండు పక్షాలు ఏర్పడతాయి. తన ఎల్లను కాపాడుకునే హక్కు ప్రతి రాజ్యానికీ ఉందని ఒక పక్షం. మనుషుల మధ్య గీతలు గీసే హక్కు ఏ రాజ్యానికీ లేదని రెండో పక్షం. ఈ రెండు వాదాల్లోనూ సరిహద్దు పక్కన కాపురముండే మనిషి కనబడడు. అతన్ని మధ్యకు తెచ్చి ప్రశ్నను మళ్ళీ అడగాలని నా ఉద్దేశం. ఇందుకోసం కొరియాకో బెర్లిన్‌కో పోనక్కరలేదు. కోనసీమ అంచున ఎదుర్లంక రేవులో నిలబడితే గౌతమి ఆవలి ఒడ్డున యానాం కనిపిస్తుంది.

ఫ్రెంచివారు పద్దెనిమిదో శతాబ్దిలో వర్తకం కోసం పెట్టుకున్న ఈ స్థావరం 1954 వరకు వారి చేతిలోనే ఉంది. ఏలుబడి పుదుచ్చేరి నుంచి. అది ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. ప్రజల భాష తెలుగు, తినేది గోదావరి నీటి బియ్యం, ఇచ్చిపుచ్చుకునే సంబంధాలు చుట్టుపక్కల ఊళ్ళతో. ఇలాంటి చోట సరిహద్దంటే పొలం గట్టువంటిది. గట్టుకు ఇవతల ఒక చట్టం, అవతల మరొక చట్టం. ఇవతల ఒక ధర, అవతల మరొక ధర. సరిహద్దు ఊళ్ళ బతుకును తీర్చిదిద్దేది ఈ తేడాయే. కనుక ముందు అడగవలసింది ఈ తేడా ఎవరికి లాభమని.

1930 ఏప్రిల్‌లో శారదా చట్టం అమలుకు వచ్చింది. పద్నాలుగేళ్ళు నిండని ఆడపిల్లకు పెళ్ళి చేయటం బ్రిటిషు ఇండియాలో నేరమయింది. ఫ్రెంచి నేలమీద ఆ చట్టం లేదు. అంతట సనాతనులు తమ పసిపిల్లలను వెంటబెట్టుకుని యానాం వెళ్ళి పెళ్ళిళ్ళు జరిపించుకుని వచ్చారు. ఆ ఊరిని కల్యాణపురమని పిలవటం కూడా జరిగింది. వీరేశలింగం పంతులుగారు పనిచేసిన రాజమండ్రికి ఇదేమంత దూరం కాదు. రేవు దాటి, విడిది తీసుకుని, మేళాలు పెట్టించుకునే స్తోమత ఉన్న కుటుంబానికి ఆ చట్టం ఒక్క పడవ ప్రయాణంతో రద్దయిపోయింది. తెరిచి ఉన్న సరిహద్దు స్వేచ్ఛకు గుర్తని నమ్మేవారు ఈ సంగతి మరవకూడదు. ఇక్కడ స్వేచ్ఛ తండ్రిది, మెడ వంచింది పిల్ల.

ఇక మూసిన సరిహద్దు సంగతి చూద్దాం. 1941లో బ్రిటిషు, ఫ్రెంచి ఇండియాల మధ్య కుదిరిన సుంకాల ఒప్పందం 1949లో రద్దయింది. ఫ్రెంచి స్థావరాల చుట్టూ సుంకాల చౌకీలు లేచాయి. 1954లో ఆంక్షలు మరింత బిగిశాయి. సరుకులకు అడ్డు, రాకపోకలకు అనుమతి పత్రాలు. ఆ సంవత్సరం జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వాన విమోచనోద్యమం యానాన్ని స్వాధీనం చేసుకుంది. నవంబరు 1న ఫ్రెంచి ప్రభుత్వం అధికారాన్ని భారత ప్రభుత్వానికి అప్పగించింది. చట్టరీత్యా విలీనం 1962 ఆగస్టు 16న పూర్తయింది.

వలసపాలన పోవాలనటంలో వివాదం లేదు. నేను ఆ దిగ్బంధపు లక్ష్యాన్ని సమర్థిస్తాను. కాని లక్ష్యం న్యాయమైనదయినంత మాత్రాన సాధనాన్ని పరీక్షించకుండా వదలలేం. దిగ్బంధం పారిస్ మీద వేసిందే కావచ్చు. బరువు పడేది మాత్రం ఏ పూటకాపూట బియ్యం కొనుక్కునే వాడిమీద, గట్టు అవతలి చేలో కూలికి పోయేవాడిమీద. నిలవ సరుకున్న వర్తకుడికి అదే అదను. ఎల్ల బిగిసేకొద్దీ రెండు ధరల మధ్య తేడా పెరుగుతుంది, ఆ తేడాలోనే దొంగరవాణా వ్యాపారం నడుస్తుంది. పెట్టుబడి పెట్టినవాడు ఇంట్లో ఉంటాడు. మూట మోసినవాడు చౌకీలో దొరుకుతాడు. కాబట్టి మూసిన సరిహద్దు అందరికీ ఒక్కతీరుగా మూసుకోదు. అది మనుషులను స్తోమతునుబట్టి జల్లెడ పడుతుంది. శారదా చట్టం నాటి తెరిచిన సరిహద్దు చేసిందీ అదే పని.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. స్వాతంత్ర్యం ఊరికే రాదు కదా, కొంత త్యాగం తప్పదు కదా అని. నిజమే. కాని తాను పూనుకుని చేసేది త్యాగం; ఇంకొకడు మన నెత్తిన పెట్టేది పన్ను. విదేశీ బట్టను తగలబెట్టినవాడు తన బట్టనే తగలబెట్టాడు. దిగ్బంధం వేసినవాడు ఎదుటివాడి పొయ్యి మీద చెయ్యి వేస్తాడు. పన్ను వేయటం ఒక్కోసారి అవసరమే. అయితే పన్ను వేసినవాడు లెక్క చెప్పవలసి ఉంటుంది. తిండికి, మందుకు, పనికి దారి విడిచాడా? నష్టపడినవాడికి ఏం ఇచ్చాడు? పని తీరాక ఎల్లను ఎత్తేశాడా?

యానానికి ఆనుకునే కోరంగి ఉంది. ఒకప్పటి రేవు. అక్కడినుంచీ కాకినాడనుంచీ ఓడలెక్కి రంగూన్ పోయిన తెలుగు కూలీలకు బర్మాలో కొరంగీలనే పేరు పడింది. నదికి బదులు సముద్రాన్ని ఎల్లగా చేసుకుని అదే కథ అక్కడ నడిచింది. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేశారు. యజమానులు బర్మా కూలీలను పెట్టుకున్నారు. సమ్మె తీరగానే వారిని పొమ్మన్నారు. ఇద్దరు ఆకలిగొన్నవారు ఒకరినొకరు చంపుకున్నారు. యజమానుల జోలికి ఎవరూ పోలేదు. 1941లో వలసలను అదుపుచేసే ఒప్పందం వచ్చింది. 1962 సైనిక ప్రభుత్వం తరువాత దుకాణాలు జాతీయమయి, భారతీయులు లక్షల సంఖ్యలో తిరిగిరావలసి వచ్చింది. బర్మా ప్రజల ఫిర్యాదులో న్యాయం లేకపోలేదు. వారి భూములు వడ్డీవ్యాపారుల పాలైన మాట నిజం. కాని ఆ అప్పుకు జమకట్టింది కూలివాడి బతుకు. ఇవాళ అమలాపురం, రాజోలు ప్రాంతాలనుంచి గల్ఫుకు పోయేవారికి ఈ చరిత్ర పాతది కాదు.

యానాం మాత్రం ఆంధ్రలో కలవలేదు, పుదుచ్చేరిలో భాగంగానే నిలిచింది. 2002లో ఎదుర్లంకకు వంతెన వచ్చి పంటు ప్రయాణం తగ్గింది. ఒకే దేశంలోని గీత అయినా అది గీతగానే ఉంది. 2020 లాక్‌డౌన్‌లో మూసినప్పుడు, బయట పనులకు పోయి ఇంటికి తిరిగివచ్చిన యానాం వాసులు సొంత ఊరి పొలిమేరలో నిలిచిపోయారు. రోగాన్ని ఆపాలన్న కారణంలో తప్పులేదు. తప్పు, ఆ కారణపు ఖర్చును నడిచివచ్చినవాడి చేతే కట్టించటంలో ఉంది.

కాబట్టి మన ప్రశ్నను మార్చుకోవాలి. ఎల్లను మూయవచ్చునా అన్నది సగం ప్రశ్న. ఎవరిమీద మూస్తున్నాం, వారిని అడిగామా, వారికి ఏం బాకీ పడ్డాం అన్నది తక్కిన సగం. ఈ రెండో సగానికి జవాబు చెప్పలేని ప్రభుత్వం ఎంత గొప్ప ఆశయం పేరు చెప్పినా దాని చౌకీకి నైతికాధికారం లేదు. మన పక్షం వారు అధికారంలో ఉన్నప్పుడు కూడా ఈ లెక్క అడగటం అభ్యుదయవాది విధి. ఆనాడు అడగటమే కష్టం కనుక, ఆనాడే ఎక్కువ అవసరం.