అక్బర్ వేషం ఎవరిది?

పధ్నాలుగేళ్ల వయసులో ఏడుసార్లు చూసిన సినిమాని ఇప్పుడు చూడటమంటే, అప్పటి మనిషిని పిలిచి ఎదురుగా కూచోబెట్టుకోవడమే. కూచోబెట్టాక ఎవరు ఎవర్ని నిలదీయాలి? వయసు మీరినవాడికే ఆ హక్కుందని అందరూ అనుకుంటారు. నాకు నమ్మకం లేదు.

సినిమా 'అమర్ అక్బర్ ఆంథోనీ'. మన్‌మోహన్ దేశాయ్ 1977లో తీశాడు. 1980లో తెలుగులో 'రామ్ రాబర్ట్ రహీమ్'గా వచ్చింది గాని, ఇంట్లో ఉర్దూ మాట్లాడే మాకు హిందీదే మా సినిమా. కథ తెలిసిందే. ఆగస్టు పదిహేనున గాంధీ బొమ్మ దగ్గర దిక్కులేనివాళ్లై విడిపోయిన ముగ్గురు అన్నదమ్ములు. ఒకణ్ణి హిందూ పోలీసు, ఒకణ్ణి చర్చి ఫాదరు, ఒకణ్ణి ముస్లిం దర్జీ పెంచుతారు. పెద్దయ్యాక ముగ్గురూ, ఎవరికెవరో తెలియకుండానే, కన్నతల్లికి ఒకేసారి రక్తమిస్తారు. ఆమె పేరు భారతి. (మూడు గొట్టాల్లో రక్తం పైకెక్కి ఒక్క సీసాలో పడటం ఏ ఆసుపత్రిలోనూ జరగదు. అప్పుడూ నవ్వుకున్నాం.)

1992 డిసెంబర్ 6 తర్వాత వీడియో క్యాసెట్లో మళ్లీ చూశాను. నవ్వు రాలేదు. అక్బర్ పుట్టింది హిందూ ఇంట్లో. అంటే భారతికి రక్తమిచ్చే అర్హత ఆ పుట్టుకతోనే వచ్చిందా? దర్జీకే ఒక కొడుకు పుట్టి ఉంటే, ఆ వరసలో వాడికి నాలుగో మంచం వేసేవారా? బాబ్రీ గుమ్మటాలు కూలాక ఏ సాయిబైనా ఈ ప్రశ్న అడక్కుండా ఆ సీను చూడగలడా?

ప్రశ్న న్యాయమైనదే, ఇవాళ్టికీ. కానీ ఎదురుగా కూచున్న కుర్రాడి దగ్గరా జవాబుంది. అప్పటి హిందీ సినిమాలో మనమెవరం? నవాబులం, తవాయిఫ్‌లం, లేదంటే హీరో కోసం ప్రాణమిచ్చే మంచి ఖాన్‌లం. 1975లో వచ్చిన 'షోలే'లో ఇమామ్ సాబ్ కొడుకుని పోగొట్టుకుని కూడా ఊరికి ధైర్యం చెప్తాడు. మన మంచితనం రుజువు కావాలంటే మనింట్లోంచి జనాజా లేవాలి. అక్బర్ చావడు. గల్లీలో ఉంటాడు, ఖవ్వాలీ పాడతాడు, పిల్ల వెంట పడతాడు, ఆమె తండ్రిని ఆటపట్టిస్తాడు. కన్నవాళ్లెవరో తెలిశాక కూడా పేరు మార్చుకోడు. పెంచిన చేతులిచ్చిన పేరే ఉంచుకున్నాడు. పెద్దయిన నా కంటికి రక్తం కనిపించింది. ఆ కుర్రాడి కంటికి పేరు కనిపించింది.

అలాగని వాడి సంతోషం స్వచ్ఛమైనదనీ అనను. బడిలో అప్పటికే 'తురకోడా' అనిపించుకున్నవాడు. సినిమా ఆట ఆడుకుందామని మైదానంలో నిలబడితే, నేను ఆంథోనీని అన్నాను. అమితాబ్ కదా, ఎవరికి చేదు! "నువ్వెట్లా ఆంథోనీవిరా? నువ్వు అక్బర్‌వి" అన్నారు దోస్తులు. కోపంతో కాదు, ప్రేమగానే. ఆంథోనీ అయినవాడు ఏనాడూ చర్చి మెట్టెక్కినవాడు కాదు. వాడు వేషం ఎంచుకోగలడు. నాకు పేరే వేషం.

ఆ అంటగట్టిన అక్బర్నే వాడు ప్రేమించాడు. రఫీ గొంతు అలాంటిది మరి. ఆ ఖవ్వాలీ ఇప్పటికీ తలుచుకోకముందే నాలుక మీదికొస్తుంది. అంటగట్టినదాన్ని ప్రేమిస్తే అది మనదవుతుందా? అవుతుందనే నేనంటాను. పేరూ మతమూ తల్లిభాషా ఏదీ మనం ఎంచుకున్నది కాదు, అయినా మనవే. మరి ఆంథోనీ కావాలన్న కోరిక? అదీ మనదే. దాన్ని గుర్తింపు రాజకీయాల్లో మనమూ మరిచాం.

మా ఆపా మాత్రం ఈ ముగ్గుర్లో ఎవర్నీ చూడలేదు. సల్మాని చూసింది. బురఖా వేసుకునే డాక్టరు. ఇంటికొచ్చి అద్దం ముందు చున్నీ చివర్లు రెండూ మెడలో స్టెతస్కోపులా వేసుకుని నిలబడేది. పదో తరగతి కాగానే నిఖా చేశారు. ఆ పదిహేనేళ్ల పిల్లని పిలిచి కూచోబెట్టుకుని మాట్లాడాల్సింది ఆమె. ఆ వ్యాసం ఆమే రాయాలి.